సుద్దగీతలు పడిన గోడకు గిలాబా అనుమతి

భవన విభాగపు అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా పాత ఇంటి వీధి గోడ పెచ్చులూడుతున్నందున, చెక్కించి మళ్లీ గిలాబా పూత పూయించుకొనుటకు అనుమతి కోరుట గురించి (నాలుగవ అర్జీ).

వాచీలు బాగుచేసుకొని బ్రతికే నేను, మా అక్క ఆ ఇంట ఉంటున్నాము. తమకు విన్నవించుకొనునది:

1. సున్నంతో కట్టిన ఆ గోడకు పన్నెండేళ్ల క్రితం నేనే తెలివి చూపించి సిమెంటు పూయించాను. "సిమెంటు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుందయ్యా, గోడకి ఊపిరాడదు" అని మేస్త్రి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వినలేదు. తప్పు నాదేనని ఒప్పుకొనుచున్నాను.

2. మూడు నెలల క్రితం తమ తనిఖీదారు గారు వచ్చి, గోడను కర్రతో తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో సున్నాలు చుట్టారు. పై అధికారి చూచువరకు గోడ ముట్టరాదని ఆజ్ఞాపించారు. ఆ సాయంత్రమే వాన పడి సున్నాలు కొట్టుకుపోయినవి.

3. గుర్తులు లేవు గనుక తనిఖీయే జరగలేదని గుమాస్తా గారి వాదన. జ్ఞాపకమున్నంతలో నేనే తిరిగి గీశాను. అధికారిక గుర్తులను సృష్టించినందుకు సంజాయిషీ ఇమ్మని నాకు తాఖీదు వచ్చినది. ఇంకో వానకు నా గీతలూ పోయినవి. ఇప్పుడు దేనికి సంజాయిషీ ఇవ్వాలో తెలియజేయ ప్రార్థన.

4. లోపల వెలుతురు చాలక మా అక్క బయట ఆ గోడ పక్కనే కుట్టుమిషను వేసుకుంటుంది. మొన్న మంచినీళ్లకు లేచినప్పుడు చేటంత పెచ్చు ఊడి ఆమె స్టూలు విరిగింది. ఇప్పుడు నా స్కూటరు హెల్మెట్ పెట్టుకొని కుడుతోంది. "నీ అర్జీలన్నీ కలిపి కుట్టిస్తానురా, నెత్తిన కప్పుకో" అని నవ్వుతుంది. నాకు నవ్వు రావడం లేదయ్యా. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

5. సున్నం పని తెలిసినవాడు ఆ మేస్త్రి ఒక్కడే. వచ్చే వారం కంటి ఆపరేషనుకు పోతున్నాడు.

కావున ఇంకొక వాన పడకముందే అనుమతి దయచేయగలందులకు ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వాచీల రిపేరువాడు

తా.క.: ఇది కవరులో పెట్టేలోగా ఇంకో పెచ్చు పడింది. అక్క భుజం చెక్కుకుపోయింది. ఇక ఆగలేక మేస్త్రిని పిలిచాను. సిమెంటంతా చెక్కేశాడు, సున్నం పూస్తున్నాడు. అనుమతి లేదు. కేసు పెట్టుకోండి. నోటీసు మాత్రం గోడకు అంటించవద్దు, నా చేతికివ్వండి. పూత ఇంకా పచ్చిగా ఉంది.