పుస్తకంలో ఎస్తేరు కోసం ప్రార్థన

రాజోలు

చెల్లి సుందరికి,

మేమిద్దరం కులాసా, కంగారు పడకు.

మనవరాలు స్టెల్లా ఇచ్చిన నవల చదువుతున్నాను. అందులో మన వైపు మనిషి ఎస్తేరు ఇంటిపనికి కువైట్ వెళ్తుంది. ఫోన్ చేసినప్పుడల్లా కోళ్ళ గురించీ కొబ్బరి మొక్కల గురించీ అడుగుతుంది. తను తిన్నదీ లేనిదీ ఒక్కసారీ చెప్పదు. రాసినవారు ఆ సంగతి ఎక్కడా ఎత్తి చూపలేదు. నాకే తట్టింది. కువైట్‌లో పనిచేసినన్నాళ్ళూ నువ్వూ మన కోళ్ళ గురించే అడిగేదానివి.

నేను పైకి చదువుతుంటే మీ వదిన వింది. ఆదివారం చర్చిలో లేచి, ఎస్తేరు కోసం ప్రార్థన చేయమంది.

"ఏ ఊరమ్మాయండీ?" అని పాస్టరమ్మగారు అడిగారు.

"ఆయ్, పుస్తకంలో మనిషండీ. పాపం, ఎవరూ అన్నం పెట్టడం లేదండీ."

ఎవరూ నవ్వలేదు. కూతుళ్ళు కువైట్‌లో ఉన్న తల్లులు ముందు మోకరించారు, తరవాత అందరం. రాతకు ఇంత బలం ఉంటుందని ఈ వయసుదాకా నాకు తెలియదు.

మోకాళ్ళకు మందు రాస్తున్నావా? స్టెల్లాకి పరీక్షలైపోయాయి.

నవల చివరి పేజీలు చదవకుండా ఆపాను. ఒక వారం వచ్చి ఉండు. కువైట్‌లో నువ్వు తిన్నదీ తిననిదీ ముందు నీ నోట వినాలి.

అబ్బాయికీ కోడలికీ మా దీవెనలు. నీకు దేవుడు తోడు.

అన్నయ్య దానం