డప్పు చాటున మౌలమ్మ గొంతు

హాలియా

చెల్లె మౌలమ్మకు అన్న దస్తగిరి దీవించి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందాం అనుకున్నాను. కాగితాలు కొని గూట్లో పెట్టి, వాటి మీద కిరోసిన్ బుడ్డి పెట్టి, మరిచిపోయినట్టు తిరిగాను. పై కాగితం మీద మరక ఆ బుడ్డిదే. అన్న ఏడ్చుకుంటూ రాశాడని కంగారు పడకు. పత్తి మూటల మీది అచ్చక్షరాలు చూసి చదువు నేర్చుకున్నవాణ్ణి, నాకు రాయడం ఎప్పుడూ బరువు పనే. అయితే ఈసారి చెయ్యి ఆగింది అందుకు కాదు.

ముందు నీ మోకాళ్ల సంగతి చెప్పు. మక్తల్ దవాఖానకు పోయావా, లేక ఆముదం రాసుకుని గోడకు ఆని కూర్చున్నావా? ఇంట్లో అందరూ కులాసానా? ఈ ఉత్తరం చదివి వినిపించే కోడలు రమీజాకు ఒక మాట: అత్తకు కోపం వచ్చేచోట గొంతు తగ్గించవద్దు తల్లీ, దాటేయవద్దు. ఉన్నది ఉన్నట్టు చదువు. తిట్లు నాకు పడతాయి గాని నీకు కాదు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు. పరుపుల దుకాణం యజమాని దుకాణం వెనక గదిలోనే పడుకోనిచ్చాడు, కిరాయి లేదు. ఈ ఊళ్లో కాల్వ నీళ్లకు వడ్లు పండుతాయి, వడ్లు పండాక పెళ్లిళ్లు, పెళ్లిళ్లకు పరుపులు. మన దిక్కు వానలు పోయి పాత బొంతలే కప్పుకుంటున్నారు కదా, ఇక్కడ మాత్రం దూదేకులవాడికి చేతినిండా పని. ఒక్కటే బాధ, గాలిలో తేమ ఎక్కువ. దూది ముద్ద కడుతుంది, దూది ఏకే విల్లు నారి మెత్తబడి సరిగ్గా మోగదు. మోగని నారితో పని చేయడం నాకు చేతకాదు, నీకు తెలుసు. రోజూ పొద్దున ఎండలో పెట్టి, మీటి, చెవి దగ్గర విని, అప్పుడే దూది ముట్టుకుంటాను. యజమాని నవ్వుతాడు. నవ్వనీ.

తిండికి లోటు లేదు. మూడు పూటలా అన్నమే. జొన్నరొట్టె అడిగితే హోటల్లో నన్ను జ్వరమొచ్చిన మనిషిని చూసినట్టు చూస్తారు. ఎవరైనా ఇటు వస్తే ఇంత జొన్నపిండి పంపు. సాయంత్రం కాల్వ గట్టు మీద కూర్చుంటాను. మన దగ్గర బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటారు, ఇక్కడ నీళ్లు అడిగేవాళ్లు లేకున్నా పారుతూనే ఉంటాయి. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే ఆ నీళ్ల చప్పుడు కూడా కొంచెం బెంగ పుట్టిస్తుంది. బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు.

ఇక అసలు సంగతి. మన క్యాసెట్ గురించి.

నువ్వు లేచి పోకు, కూర్చో. జరిగింది నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెబుతాను, ఆ రోజు రమీజా అక్కడ లేదు కదా.

నిరుడు మన పీర్ల పండుగకు మైకు సెట్టు తెచ్చిన జడ్చర్ల మనిషి, నువ్వు పీర్ల ముందు నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ పాడే మన అమ్మ పాట విని, మా ఊరు రండి, క్యాసెట్ చేసిపెడతాను అన్నాడు. నువ్వు, మీ జట్టు ఆడవాళ్లు, డప్పుకు ఎల్లయ్య, తోడుకు నేను, బస్సెక్కి పోయాం. దుకాణం వెనక చిన్న గది. గోడలకు గోనెసంచులు కొట్టాడు. తలుపు పక్కన మైకు నిలబెట్టాడు. ఎల్లయ్య డప్పు కాచడానికి పాత పేపర్లు అంటించగానే ఆ మనిషి ముఖం చూడాల్సింది. టేపులున్నయి, మంట ఆర్పుండ్రి అని గోల. కాచని డప్పు కొడితే నా తాత లేచి వస్తడు అని ఎల్లయ్య. చివరికి వాకిట్లో కాచుకొచ్చాడు.

తర్వాత ఆ మనిషి మిమ్మల్ని మైకు ముందు వరుసగా నిలబడి పాడమన్నాడు. అమ్మ పాట నిలబడి పాడేది కాదు రమీజా. గుండం చుట్టూ ఒక్క తిరుగుడుకు ఒక్క చరణం. పీర్ల ఎదురుగా వచ్చినప్పుడే చరణం మారుతుంది. కాళ్లకే గుర్తు, నోటికి కాదు. మీ అత్త నిలబడి మొదలుపెట్టింది, రెండో చరణానికే మాట తప్పింది. అప్పుడు మీ అత్త అన్న మాట నాకు ఇంకా గుర్తుంది:

"నిలవడితె పాట గూడ నిలవడతది బిడ్డా. మమ్ముల తిరుగనియ్యి."

తిరుగుండ్రి, నాకేంది అని ఆ మనిషి చేతులెత్తేశాడు. మీరు గది చుట్టూ తిరిగారు చెల్లె. ఎల్లయ్య ఎప్పటిలాగే తిరగకుండా ఒక్కచోటే నిలబడ్డాడు, ఆ ఒక్కచోటు మైకు పక్కనే. ఇంకొకటి. ముందు పళ్లు ఊడినప్పటి నుంచి నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే పాడతావు. పరాయి మగాడున్న గదిలో ఇంకా గట్టిగా పెట్టుకున్నావు. ఎవరూ తియ్యమనలేదు. మనకు అది కొత్త కాదు, ఆయనకేమో ఆడమనిషితో ఎట్లా చెప్పాలో తెలియలేదు.

అంతా అయ్యాక నీ చెవులకు రెండు నల్ల డిప్పలు తొడిగి కొంచెం వినిపించాడు. నువ్వు కళ్లు మూసుకుని, "అచ్చం అమ్మనే" అన్నావు. బస్సులో ఊరొచ్చేదాకా నీ ముఖంలో ఆ వెలుగు పోలేదు. ఇది రాయడానికి చెయ్యి రాకపోయింది ఆ వెలుగు గుర్తొచ్చే.

నీకు వినిపించింది డప్పు మొదలు కాకముందు ముక్క, మౌలమ్మా. డప్పు పడ్డాక సంగతి వేరు.

ఆ మనిషి చేసిచ్చిన నకళ్లలో నా వంతు క్యాసెట్ ఇక్కడికి తెచ్చుకున్నాను కదా. దుకాణం ఎదుటి చాయి హోటల్ నర్సిమ్మ దగ్గర టేపురికార్డరుంది. గర్వంగా ఇచ్చాను. పైన అట్ట మీద ఎవరో బిందె పట్టుకున్న పడుచుపిల్ల బొమ్మ. నా చెల్లె అని చెప్పబోయి ఊరుకున్నాను. పెట్టాడు. ఎల్లయ్య డప్పు హోటల్లో గ్లాసులను కదిలించింది. డప్పు వెనక ఎక్కడో, గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఒక గొంతు. మీరు తలుపు దగ్గరికి వచ్చినప్పుడు రెండు మాటలు, అటు పోయినప్పుడు సున్నా. మళ్లీ రెండు మాటలు, మళ్లీ సున్నా. దానికి తోడు మన మంచికే అనుకుని ఆ మనిషి పాటలకు ప్రతిధ్వని కలిపాడు. వినపడ్డ ఆ రెండు మాటలు కూడా బావిలో రాయి వేసినట్టు మూడుసార్లు మోగి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చాయి తాగే ఒకాయన, "ఏంది తాతా, డప్పు ఒక్కటే క్యాసెట్ చేసిన్రా?" అన్నాడు. నవ్వాను.

నా విల్లు నారి తేమకు మెత్తబడితే ఎండలో పెడతాను. ఇదీ అట్లాగే ఏదో చేస్తే బాగవుతుందేమోనని పని మానుకుని జడ్చర్ల పోయాను. నీకు చెప్పలేదు, నీ కోసమే. ఆ మనిషి మర్యాదగానే కూర్చోబెట్టాడు. డప్పు తగ్గించి గొంతు పెంచు బాబూ అన్నాను.

"పెద్దాయనా, రెండు కలిసిపోయినయి, చాయిల చక్కెర లెక్క. ఇప్పుడు చక్కెర తియ్యమంటె ఎక్కడికెళ్లి తియ్యాలె?"

పోనీ, మొదట పట్టిన పెద్ద చక్రం టేపు ఉంటే అది వినిపించు, నకలు కన్నా నయంగా ఉంటుందేమో అన్నాను. దాని మీద ఎరువుల దుకాణం ప్రకటన ఎక్కించానన్నాడు. టేపులు ఊరికే వస్తాయా, ఒకటి అయిపోయాక దాని మీదే ఇంకొకటి అన్నాడు. వినిపించాడు కూడా, పాపం. ఎరువుల గురించి ఒక మనిషి ఎంత స్పష్టంగా మాట్లాడాడో. ఒక్క అక్షరం పోలేదు.

అక్కడితో ఊరుకునేవాణ్ణే. పోనీలే, పాట నీ గొంతులో ఉంది, క్యాసెట్ పాడైతే పాడైంది అనుకుని తిరిగొచ్చాను. వచ్చేసరికి రమీజా రాసిన ఉత్తరం నా కోసం కాచుకుని ఉంది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మోకాళ్ల నొప్పులని ఈ ఏడు గుండం దగ్గర తిరగనన్నావట, మైకు సెట్టులో క్యాసెట్ వేస్తే చాలన్నావట. పాట నేర్పమని వచ్చిన ఆడపిల్లలను, "క్యాసెట్ల ఉన్నదిగద, గది విని నేర్చుకోండ్రి" అని పంపేశావట.

అందులో లేదు చెల్లె. నేను ఇన్ని కాగితాలు ఖరాబు చేస్తున్నది ఆ ఒక్క ముక్క చెప్పడానికే. అందులో లేదు.

మీ దగ్గర టేపురికార్డరు లేక మీరెవరూ విననే లేదు. పండుగ నాడు మైకులో మొదటిసారి వింటారు, ఊరంతా వింటుంది. ఎల్లయ్య డప్పుకు శభాష్ అంటారు, అది వేరే సంగతి. కానీ పాట? నాకు ఎంత వచ్చో చూసుకుందామని కాల్వ గట్టున కూర్చుని పాడుకున్నాను. పాటలో తల్లి పిల్లల కోసం నీళ్లడుగుతూ ఇంటింటికీ పోయేదాకా వచ్చాను. ఆ తర్వాత ఏ ఇంటివాళ్లు తలుపు తీశారు? గుర్తు రాలేదు. ఎప్పుడూ ఆడవాళ్లు పాడితే వెనక తాళం వేసినవాణ్ణే కదా. క్యాసెట్ పెట్టి చూశాను. సరిగ్గా ఆ చరణానికి మీరు గదిలో ఆ కొసన ఉన్నారు. డప్పు తప్ప ఏమీ లేదు. అమ్మ పోయింది, చిన్నమ్మ పోయింది, జట్టు ఆడవాళ్లు నీ నోటి వెంట అందుకునేవాళ్లే, ఆ తలుపు ఎవరు తీశారో చెప్పగలిగినదానివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు. బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు అని పైన రాశాను గాని, ఈ విషయంలో ఫికర్ చెయ్యి.

నువ్వు తిరగలేకపోతే తిరగకు. వాకిట్లో పీట వేసుకుని నడుమ కూర్చో, ఆ పిల్లలు నీ చుట్టూ తిరుగుతారు. పాటకు తిరిగే కాళ్లు కావాలి గాని అవి నీవే కానక్కర్లేదు. కొంగు తియ్యి. ఊరందరికీ నీ పళ్లు లేవని తెలుసు, పీర్లకూ తెలుసు. రమీజా, నువ్వు ముందు నిలబడు, నీకు జ్ఞాపకం మంచిది. మైకు సెట్టు వాడు క్యాసెట్ పెట్టబోతే టేపు తెగిందని చెప్పు. అబద్ధం నా లెక్కలో రాసుకుంటాను.

క్యాసెట్‌ను మరీ అంత తిట్టకూడదు, ఒక మంచి సంగతి ఉంది. మొదటి పాట అయ్యాక ఆ మనిషి మిషన్ ఆపడం మరిచాడు. ఎల్లయ్య డప్పు ఆపాడు. నీళ్ల కుండ మైకు కిందే ఉందేమో, నువ్వు అక్కడికి వచ్చావు. కొంగు తీసే ఉంటావు, ఎందుకంటే ప్రతి మాటా నా పక్కన కూర్చుని చెప్పినట్టుంది:

"ఎల్లన్నా, జర నీళ్లియ్యి. ఎంత పాడినా అమ్మ పాడినట్టు రాకపాయె. అమ్మ గిట్లనేది."

అని మెల్లగా ఒక్క వరుస పాడావు, "కడవల నీళ్లు కడవలనే ఉన్నయి, తాగెటోళ్లు తొవ్వల ఉన్నరు" అని. వెంటనే ఆ మనిషి, "అమ్మా, మిషన్ ఇంకా నడుస్తాంది" అంటాడు. అంతే. డప్పు పడ్డాక మొత్తం క్యాసెట్‌లో నా చెల్లె గొంతు తేటగా ఉన్నది అదొక్కటే. అది వచ్చినప్పుడు హోటల్లో కబుర్లు ఆగుతాయి. నర్సిమ్మ చాయి పోయడం ఆపి వింటాడు. పని అయ్యాక రోజూ పోయి అక్కడికే తిప్పించుకుంటున్నాను. ఒక్క జాగల గిట్ల అరగదీస్తె తెగుతది తాతా అని నర్సిమ్మ గొణుగుతాడు గాని పెడతాడు.

చిన్న పనులు: అటక మీద నా పాత విల్లు నారి ఉంటుంది, జొన్నపిండితో పాటు పంపు. ఎల్లయ్యకు అలాయ్ బలాయ్ చెప్పు, డప్పు గురించి నేనన్న మాటలు చెప్పకు, మనసు నొచ్చుకుంటాడు. ఊళ్లో పెద్దలందరికీ నా సలాములు, దండాలు ఎవరివి వాళ్లకు అందించు. పీర్లు లేచిన రోజు నా బదులు ఊదు వేసి, దస్తగిరి దూరాన ఉన్నాడు, వాణ్ణి కూడా చల్లగా చూడండి అని చెప్పు. పీర్లకు పెట్టిన మలీద ప్రసాదంలో నా వంతు రమీజాకు పెట్టు. ఆ తలుపు ఎవరు తీశారో జవాబులో తప్పక రాయించు.

నీ బాగు కోరే అన్న,
దస్తగిరి

కవరు అంటించబోతుంటే నర్సిమ్మ వచ్చి క్యాసెట్ ఇచ్చి పోయాడు. పొద్దున మిషన్‌లో చుట్టుకుని తెగిందట. నలిగిన ముక్క కత్తిరించి అతికించాడట. పోయి పెట్టించి విన్నాను. బాగానే అతికించాడు. మొదటి పాట అవుతుంది, ఎల్లయ్య డప్పు ఆగుతుంది, వెంటనే రెండో పాట మొదలవుతుంది.