మూడో పాదం చివర

శుక్రవారం, జూన్ 14

అన్నయ్యకు చెల్లెలు వ్రాయునది. ప్రభువు కృప వలన అమ్మా నేనూ క్షేమం. నీ క్షేమం కోసం రోజూ ప్రార్థిస్తున్నాం. ఇది చదివి నువ్వు ముఖం చిట్లిస్తావని తెలుసు. ఏం చేయను, ఉత్తరం మొదలుపెట్టడం నాన్న నాకు ఇలాగే నేర్పాడు.

ఫోను చేస్తే, నీ మొదటి మాట బయటికి వచ్చేలోపు నేను పది మాటలు అనేస్తానని నీ ఫిర్యాదు. అందుకే కాగితం పట్టాను.

సంగతేమిటంటే, నాన్న పోయాక చర్చిలో పాట ఎత్తుకునే పని నా నెత్తిన పడింది. కొత్తగా వచ్చిన సంగీతం మాస్టారు పాటల పుస్తకం తెరిచి, ఆరాధన ముగించే కీర్తనలో ప్రతి చరణానికీ మూడో పాదం చివర మనవాళ్లంతా ఊరికే ఆగుతున్నారనీ, పుస్తకంలో అలాంటిదేమీ లేదనీ తేల్చాడు. ఎవరు నేర్పారని అడిగితే అందరూ నా వంక చూశారు. ఇన్నేళ్లూ ఆ పాట ఎత్తుకున్నది నాన్నే కదా.

పోయిన ఆదివారం చూడాలి మా అవస్థ. మాస్టారు నేర్పిన పిల్లలు ఆగకుండా సాగిపోయారు. పెద్దవాళ్లు అలవాటు కొద్దీ ఆగిపోయారు. నేను ఎటూ కాకుండా నోరు తెరుచుకుని నిలబడ్డాను. పాస్టరు గారు నవ్వాపుకోలేక దగ్గారు. ఆమేన్ మాత్రం రెండుసార్లు వినబడింది. ఆనక ఆయన నన్ను పిలిచి, మీ నాన్నగారి పాట కనుక అలాగే ఉంచాలో దిద్దాలో ఈ నెలాఖరుకల్లా నువ్వే చెప్పమ్మా అన్నారు.

నాకేమీ పాలుపోవడం లేదు. తన గడియారాల రిపేరు కొట్లో కూర్చుని, గోడ మీదివాటిలో ఏది వెనకబడుతోందో తలెత్తకుండా చెప్పే మనిషి తాళం తప్పాడంటే ఎలా నమ్మను? చెవి మందగించిందా అంటే, చివరి రోజుల్లో కూడా పక్కగదిలో అమ్మ గొణుగుడుకు ఇక్కణ్ణుంచి జవాబు చెప్పేవాడు. పోనీ, తప్పే అనుకుందాం. జీవితమంతా దేవుణ్ణి నమ్ముకుని బతికిన మనిషి వెనక వదిలి వెళ్లింది ఇంతమంది నోట నిలిచిన ఒక తప్పేనా? దిద్దితే నాన్నను తుడిచేసినట్టుంది. దిద్దకపోతే దేవుడి ముందు తెలిసి తెలిసీ తప్పు పాడినట్టుంది. ప్రార్థించి అడిగితే ఆయన కూడా నీలాగే ఉలకడు, పలకడు.

సమాధి దగ్గర నువ్వన్న మాట గుర్తొస్తోంది, నాన్న ఆ చర్చికి తండ్రి గానీ నాకు కాదని. ఆ రోజు నీ మీద చాలా కోపమొచ్చింది. ఇప్పుడు ఆ చర్చికైనా ఏం మిగిల్చాడో తెలియక తికమకపడుతున్నాను. నీకేమైనా తోస్తే రాయి.

నీ చెల్లెలు

తా.క.: కవరు అంటిస్తుంటే అమ్మ వచ్చి ఏం రాశావని అడిగింది. చెప్పాను. నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. మూడో పాదం తర్వాత వచ్చే మాట చిన్నప్పుడు నీ నత్తికి లొంగేది కాదట. ముందు బెంచీలో నువ్వొక్కడివే వెనకబడిపోతే తోటి పిల్లలు నవ్వారట. ఆ మరుసటి ఆదివారం నుంచి నాన్న అక్కడ ఆగి, నీ పెదవులు కదిలాకే తర్వాతి పాదం ఎత్తుకునేవాడట. నాన్న ఆగితే చర్చంతా ఆగింది. నీకోసమని తెలిస్తే సిగ్గుపడి పాడటమే మానేస్తావని నీకు చెప్పనివ్వలేదట. నువ్వు చర్చికి రావడం మానేశావు. నాన్న ఆగడం మానలేదు.

మాస్టారికి ఏం చెప్పాలో నాకింకా తెలియదు గానీ అన్నయ్యా, ఎల్లుండి మేమంతా అక్కడ ఆగుతాం.