మోషే అని పిలిస్తేనే వస్తుంది

పురపాలక సంఘ కమీషనరు గారి సముఖమునకు,
లూథరన్ చర్చి వెనుక వీధి నివాసి కె. సత్యానందం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఊరకుక్క అని పొరబడి తమ సిబ్బంది గోదావరి నడుమ లంకలో వదిలివచ్చిన మా పెంపుడు కుక్కను వరద పెరగక మునుపే వెనక్కి తెప్పించుట గురించి.

1. నేను రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు దింపించే మేస్త్రీగా పనిచేసి, నా భార్య కృపారాణికి పక్షవాతం వచ్చిన నాటి నుండి పని మానుకొని ఇంటనే ఉన్నవాడను. ఆమెకు కుడి కాలూ చెయ్యీ పడిపోయినవి. మాటా పోయినది. సదరు కుక్క పేరు మాత్రం పోలేదు. నా పేరు రాదు, దేవుడి పేరు రాదు, అది మాత్రం వస్తుంది. ఎందుకని నన్నడిగితే నేనేం చెప్పగలను?

2. సదరు కుక్క పిల్లగా ఉన్నప్పుడు, నా భార్య ఇంకా ఆరోగ్యంగా తిరుగుచున్న రోజుల్లో, వరదకు అరటి బోదెల మీద కొట్టుకువస్తుండగా నేను గట్టు మీద నుండి వెదురు గెడతో లాగి తెచ్చినది. నీళ్లలోనుండి తీసినది గనుక నా భార్య, బైబిలులో ఏటిలో దొరికిన బిడ్డ పేరే, మోషే అని పెట్టినది. ప్రవక్త పేరు కుక్కకేమిటని పాస్టరు సుకుమార్ గారు నొచ్చుకొన్నందున, ఇంట్లో మోషే అనియు, బయటివారి వద్ద మోతీ అనియు చెప్పుట మాకు అలవాటైనది. పశువుల ఆసుపత్రి చీటీలోనూ మోతీయే. ఈ సంగతి తమకు అనవసరమనిపించవచ్చును. కాదు. దయచేసి గుర్తుంచుకోవలెను.

3. సదరు కుక్కకు ఏటా రేబిస్ సూది వేయించుచున్నాము. ఎండాకాలం నా భార్య మంచం పక్కన తడి గోనెసంచి పరిచి పడుకోబెట్టుచున్నాము. చెవుల్లో గోమార్లు నేనే ఏరుతాను. అన్నంలో పెరుగు లేనిదే ముట్టదు. మా ఇంట్లో దొర అదే. ఈ మధ్య ఉక్కపోతకు బెల్టు కింద చెమట పట్టి మెడ పుండుపడగా, మానేదాకా బెల్టు తీసేయమని డాక్టరు గారు చెప్పినారు. తీసేసినాము. పుండు పాకకుండా వేపాకూ పసుపూ నూరి ఒళ్లంతా పట్టించి, ఆరేదాకా వీధి అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి, నేను నా భార్యకు ఒళ్లు తుడవడానికి లోపలికి వెళ్లినాను. చేసిన నేరం ఇదే.

4. అప్పుడే కుక్కల వ్యాన్ వచ్చినది. ఎదురింటి కిరాణా కొట్టు మీనాకుమారి గారు అడ్డుపడి, "ఏవండీ, అది సత్యానందంగారి కుక్కండి, మందు రాశారండి" అన్నా తమ సిబ్బంది వినలేదట. "బెల్టు లేదు, ఒళ్లంతా గజ్జి. పెంపుడు కుక్క ఇలా ఉంటుందాండి?" అన్నారట. నేను బయటికి వచ్చేసరికి అరుగు మీద పసుపు మరక మాత్రం ఉన్నది.

5. భార్యను వదిలి కదలలేక, బెల్టునూ ఆసుపత్రి చీటీనీ మీనాకుమారి గారి చేత తమ కార్యాలయానికి పంపినాను. తమ ఇన్‌స్పెక్టరు శ్యాంబాబు గారు మంచివారే. కుక్కల షెడ్డు దగ్గరికి స్వయంగా వెళ్లి, చీటీలో ఉన్న పేరు పెట్టి పిలిచి చూసి, నాకు ఫోను చేసినారు.

"మోతీ, మోతీ అని గొంతు పోయేలా అరిచానండి. ఒక్కటీ తలెత్తలేదండి. మీ కుక్క ఇక్కడ లేదండి."

"ఒంటి మీద పసుపు ఉంటుందండి."

"గజ్జి అంటకుండా అన్నిటికీ పసుపురంగు మందు చల్లించామండి. అన్నీ పసుపుగానే ఉన్నాయండి."

ఫోను పెట్టేసిన తరువాత గాని నాకు తట్టలేదు. మోతీ అంటే దానికేం తెలుసు? వెంటనే మళ్లీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం ఎత్తి, "షెడ్డులో చోటు చాలక అన్నిటినీ లంకలో వదిలేశారండి. అక్కడ పొలాలున్నాయి కదండీ, బతుకుతాయండి" అన్నారు.

6. అయ్యా, ఎగువన వానలకు గోదావరి పొంగి ఈ ఉదయానికి లంక దారి మునిగినది. మనుషులను పడవల మీద ఇవతలికి తెచ్చుచున్నారు. కుక్కలను ఎవరు తెస్తారు? నా భార్య లేచినది మొదలు "మోషే, మోషే" అంటూనే ఉన్నది. గుమ్మం వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది. నేనేం చెయ్యనండీ? ఆ చూపుకు తట్టుకోలేక వంటింట్లోకి పోయి నిలబడుచున్నాను.

కావున తాము దయయుంచి, మనుషులందరినీ దాటించిన తరువాతనే, ఒక్క పడవను ఒక్కసారి పంపవలెను. పడవలోని మనిషి మోషే అని పిలవవలెను. మోతీ అంటే రాదు. మోషే అంటే ఎంత దూరాన ఉన్నా నీళ్లలో దూకైనా వస్తుంది. అందుచేత అది కనబడేంత దగ్గరికి పోయిన తరువాతనే పిలవవలెను.

నీరు ఆగేది కాదు గనుక ఈ అర్జీని వరుసలో పెట్టక, చేతికందిన వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. సత్యానందం

తా.క.: ఇది మడిచేలోపల ఆవిడ మళ్లీ పిలిచిందండి. ఏం చెయ్యాలో తోచక నేనే వెళ్లి మంచం పక్కన, అది పడుకునే గోనెసంచి మీద కూర్చున్నాను. ఎడమ చెయ్యి కిందికి జార్చి నా తల నిమిరింది. కాసేపటికి చెయ్యి తీసేసి, ముఖం గోడవైపు తిప్పుకుంది. అప్పటి నుంచి ఆ పేరు కూడా అనడం లేదండి.