గడ్డకట్టని ఉప్పు

రాయదుర్గం,
గురువారం

ఉమా, నా బంగారూ,

ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూడవు, క్యాంటీన్‌లో నన్ను చూడగానే ప్లేటు పట్టుకుని అవతలి టేబుల్‌కి పోతావు. ఇక చేసేదేముంది, కాగితం మీద రాసి నీ లంచ్ బ్యాగులో పెడుతున్నాను. చింపేముందు ఒక్కసారి చదువు తల్లీ.

గొడవంతా ఆ సెలైన్ మందు గురించే కదా. అందులో కలిపే కాల్షియం, ఫాస్ఫేట్ నీళ్లలో కరిగే ఉంటాయా, గడ్డకడతాయా అని. నువ్వు ల్యాబులో సీసాల్లో కలిపి చూసి కరిగే ఉన్నాయన్నావు. నేను కంప్యూటర్లో ఒక్కో ఉప్పు కణాన్నీ, చుట్టూ నీటి అణువుల్నీ పెట్టి కదిలిస్తే, కణాలు నీళ్లను వదిలేసి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గడ్డకడతాయని రాసిచ్చాను. మన బాస్ మధుసూదన్ సార్ అందరి ముందూ ఏమన్నారు? "ఇగ ల్యాబ్ ఎందుకు? కంప్యూటరే చెప్తున్నది గదా. జర ఖర్చు తగ్గుతది." నీ మొహం ఎలా మాడిపోయిందో చూశాను. చూసి కూడా నోరు మెదపలేదు.

అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. "ఏందే, గట్ల ఉన్నవ్? ఉమతోని లొల్లి పెట్టుకున్నవా?" అని అమ్మ రోజూ అడుగుతోంది. ప్రార్థనలో కూర్చున్నా నీ మొహమే. అందుకే మళ్లీ మోడల్ తెరిచాను. కణాలు ఒకదాన్నొకటి లాక్కునేది వాటి విద్యుత్ ఛార్జ్ వల్లే కాబట్టి దాన్ని కాస్త తగ్గించాను. మా పనిలో అది ఉన్నదే, చాలామంది చేస్తారు. కొంచెం తగ్గిస్తే గడ్డ వదులైంది. ఇంకొంచెం తగ్గిస్తే కణాలన్నీ విడిపోయి నీళ్లలో హాయిగా తిరిగాయి. అక్కడ ఆపేశాను. నీ సీసా చెప్పిందే నా కంప్యూటరూ చెప్పింది!

రేపు మీటింగులో ఈ లెక్కే చూపిస్తాను. ల్యాబు నిలబడుతుంది, నీ ఉద్యోగమూ నిలబడుతుంది. నా మొదటి లెక్క తప్పని నవ్వుకుంటే నవ్వుకోనీ. ఇకనైనా మాట్లాడవే.

నీ
దీవెన


ప్రగతి నగర్,
గురువారం సాయంత్రం

ఒసేయ్ దీవెనా,

నీ ఉత్తరం మెట్రోలో నిలబడి చదివాను. ఏడుపొచ్చేసింది. ఎవరో పెద్దావిడ "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని లేచి సీటిచ్చింది. ఆ రద్దీలో సీటు దొరికిందంటే నీ పుణ్యమే.

నాకు కోపం నీ మోడల్ మీద కాదే. "ఉమ చూసింది కూడా ఒకసారి చూద్దాం సార్" అని నువ్వు ఒక్క ముక్క అనలేదని. సర్లే, అది అలా ఉంచు.

ఛార్జ్ ఎంత తగ్గించాలో కొలతలు చెప్పాలి. నువ్వు నా మొహం చూసి తగ్గించావు. కావలసిన జవాబు రాగానే ఆపేశావు. చాల్లే నీ బడాయి, అది లెక్కెలా అవుతుంది?

అసలు సంగతి విను. సార్ తొందరపెడుతుంటే, మందు కలిపిన రోజే తేటగా ఉందని రిపోర్టు ఇచ్చేశాను. ఇవాళ పొద్దున, ఎలాగూ మూసేస్తారు కదా, ల్యాబు ఖాళీ చేద్దామని అలమర సర్దుతుంటే ఆ సీసాలు కనిపించాయి. అడుగున తెల్లటి పలుకులు. మొదట కరిగినట్టే ఉండి, నిలవుంటే గడ్డకట్టే రకం ఇది. నీ మొదటి లెక్కే నిజం. పొగరుకొద్దీ నీకు వెంటనే చెప్పలేకపోయాను.

ఆ మందు ఆసుపత్రిలో ఎవరి నరంలోకో ఎక్కుతుంది. మన స్నేహం కోసం ఆ పలుకుల్ని వాళ్ల ఒంట్లోకి పంపిద్దామా?

ఇంటికి రాగానే సార్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. "అంటే ల్యాబ్ బంద్ చేసుడే కరెక్ట్ గదమ్మా" అన్నారు. "అది మీ ఇష్టం సార్, మందు మాత్రం బయటికి పోనివ్వకండి" అన్నాను. భయం వేసింది, కానీ అనేశాను.

ఈ ఉత్తరం ఫోటో తీసి ఇప్పుడే నీ ఫోన్‌కి పంపుతున్నాను. రేపు నీ మొదటి లెక్కే చూపించు. నేను వచ్చి నీ పక్కనే కూర్చుంటాను. నా ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ఉన్నదున్నట్టు చెప్పే నా దీవెన పోతే, ఎక్కడని వెతుక్కోనే?

ఉమాశ్రీ