నాచు చెక్క

పద్మనాభం

చిరంజీవి తమ్ముడు ఉమామహేష్‌ని సింహాద్రి అప్పన్న చల్లగా చూడాలని దీవించి, పెద్దప్ప రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ముందు ఒక్క మాట చెబుతాను. దాన్ని పట్టుకుని మిగతాది చదువు. నీ ధనశ్రీ, నీ పాప ఇద్దరూ నా కళ్ళ ముందే ఉన్నారు. పాప ఇప్పుడే పాలు తాగి ఉయ్యాలలో పడుకుంది. ధనశ్రీ గడప దగ్గర కూర్చుని తల దువ్వుకుంటోంది.

నువ్వున్న దీవికి ఫోను కలిసినా మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఈ సంగతి ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే ఉత్తరం. పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎక్కే మీ ఆఫీసు మనిషి చేతికి ఇప్పిస్తానని నీ శిష్యురాలు ఆశాజ్యోతి అంది.

పాప ఎవరి పోలిక అని అడిగావు. నుదురు నీదే. గొంతు మాత్రం మీ బావ పశువుల్ని అదిలించినట్టే ఉందని ధనశ్రీ నవ్వేది. పురుటికి ఇక్కడ ఉంచుకున్నందుకు మళ్ళీ దండాలు రాశావు. తల్లి లేని పిల్ల. ఆ మాట ఇంక రాయకు. మీ షెడ్డు తొట్టెల్లో నాచు పచ్చగా ఉందా అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. ధనశ్రీ రెండు పూటలా పాలు తాగుతోందా అని అడిగావు. తాగింది నాయనా. చెప్పాల్సింది అదే.

నువ్వు వెళ్ళేముందు చిన్న సీసాలో నాచు నూనె తెచ్చి దేవుడి దగ్గర పెట్టావు. ఓడలు బాగుచేసే చోటి నుంచి వచ్చే మురికినీటిని తొట్టెల్లోకి మళ్ళించి నాచు పెంచుతున్నామని, అది నీటిని శుభ్రం చేస్తుందని, దాన్ని పిండితే నూనె వస్తుందని చెప్పావు. “మురికిలోంచి దీపమప్పా” అన్నావు. ఆ మాట నాకు మంత్రంలా నిలిచిపోయింది. ఆ నూనెతోనే దీపం పెట్టాను.

నూనె తీశాక మిగిలేది ఏం చేస్తారని నేను అడగలేదు. నూనె తీస్తే మిగిలేది చెక్క. అది మనం అడిగి తెలుసుకునే సంగతా? నాన్న నువ్వులు గానుగాడించుకొస్తే నూనె కంటే చెక్క కోసమే ఎదురుచూసేవాళ్ళం. ఆవుకి ఇంత, ఇంట్లో బాలింత ఉంటే ఆమెకి ఇంత. నువ్వు పుట్టినప్పుడు అమ్మకి పాలు పడాలని వెల్లుల్లి వేసి తెలగపిండి కూర వండింది నేనే.

మన వీధి అప్పలసూరిని నువ్వే ఆ షెడ్డులో పనికి పెట్టావు. ఒకరోజు సాయంత్రం బస్సు దిగి గోనెసంచితో వచ్చాడు.

“అప్పా, నూని తీసీసిన సెక్క. డ్రమ్ముల్లో కుక్కి మూల పడీసినారు. లారీ వొచ్చి పట్టుకుపోద్దట. ఎంత పచ్చగుందో సూడు.”

“చెక్క పారబోస్తారా?” అన్నాను.

“సదువుకున్నోళ్లు కదేటి. ఆళ్లకి ఆవులెక్కడున్నాయి?”

ఇద్దరం నవ్వుకున్నాం. డ్రమ్ము మీద ఎర్ర గుర్తు ఉందని అప్పుడు చెప్పలేదు. ఎలకల మందు జల్లారేమో అనుకుని పైపొర తీసేసి, కింది చెక్క తెచ్చాడట. జాగ్రత్తపరుడే.

మన ఆవు కపిల మొదట మూతి తిప్పుకుంది. నేనే తవుడు, బెల్లం కలిపి తినిపించాను. పాలు చిక్కబడ్డాయని నాకు అనిపించింది. పాలకేంద్రం దగ్గర ఎదురైన వాళ్ళకి చెప్పాను కూడా. మా తమ్ముడి నాచు చెక్క అని, కాస్త గొప్పగానే. అడిగిన వాళ్ళకల్లా అప్పలసూరి తెచ్చి పెట్టాడు.

మొన్న ఆదివారం ఆశాజ్యోతి పాపకి గౌను పట్టుకుని వచ్చింది. నీ దగ్గర పరిశోధన చేస్తున్న జాలరిపేట అమ్మాయి కదా, ఆవుల్ని దగ్గరగా చూడలేదంది. పాకలోకి తీసుకెళ్ళాను. కుడితి తొట్టి చూసి ఆగిపోయింది.

“ఆంటీ, ఇదేటి?”

“చెక్కమ్మా. మీ షెడ్డుదే.”

“ఆవుకెట్టినారా?”

“ధనశ్రీకి పాలు పడాలి కదమ్మా.”

ఆ తొట్టిని కాలితో తన్నేసింది. మేతని కాలితో తన్నడం మన ఇంట నేనెప్పుడూ చూడలేదు. చర్రున కోపం వచ్చింది. “లక్ష్మిని తంతావేమే?” అన్నాను. ఆ పిల్ల వినిపించుకోలేదు. వీధరుగు మీదికి పరిగెత్తి ధనశ్రీ నోటి దగ్గరున్న గ్లాసు లాగేసింది. పాలన్నీ చీర మీద ఒలికిపోయాయి.

“నాచు నీళ్లని కడుగుతాదంటే ఏటనుకున్నారాంటీ? నీళ్లలో ఉన్న సీసం, రంగుల్లో విషం, అదంతా మింగీస్తాది. మింగింది ఎక్కడికి పోద్ది? నూని పిండినా సెక్కలోనే ఉండిపోద్ది. అందుకే డ్రమ్ముల్లో ఏసి సీలు కొడతాం. సారు మీకు సెప్పలేదా?”

నువ్వు చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నీకు తోచి ఉండదు, నాకు అడగాలని తోచనట్టే.

అప్పన్నా అనబోతే నోరు రాలేదు. లేచింది మొదలు పిలిచే పేరు, ఆ పూట రాలేదు. ఇప్పటికీ ఆ అదురు పోలేదు తమ్ముడూ. అన్నం కలుపుతూ చెయ్యి ఆగిపోతుంది. నా చేత్తో కాచి, చల్లార్చి, తాగేదాకా పక్కన నిలబడి ఇచ్చిన పాలు అవి.

ధనశ్రీ నా మీద ఒక్క మాట తూలలేదు. ఒక్కటే అడిగింది. “వొదినా, నాను పాపకిచ్చిన పాలల్లో కూడా ఉందా?”

ఇద్దరినీ విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం పరీక్షకి ఇప్పించాం. కపిల పాలు ఆశాజ్యోతి పరీక్షకి పట్టుకెళ్ళింది. ఫలితం వచ్చేదాకా నేను పూజగదిలో కూర్చోలేదు. ఆవు దగ్గర కూర్చున్నాను.

కపిల పాలలో సీసం ఉంది. పాప రక్తంలో లేదన్నారు. ధనశ్రీకి కొద్దిగా కనిపించింది. ఆ పాలు మానేశారు కనుక తగ్గుతుందని, పాపకి తల్లిపాలు మాన్పించవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరికీ మళ్ళీ చూడాలంది. ఆ “మళ్ళీ” దగ్గరే నా ప్రాణం వేలాడుతోంది.

కపిలని పితికి, గొయ్యి తీసి పాలు అందులో పోస్తున్నాం. మీ బావ పోస్తారు, నేను చూడను. దూడకి ప్యాకెట్టు పాలు సీసాతో పడుతున్నాం. అది సీసా తోసేసి తల్లివైపు పలుపు లాగుతుంది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. తొట్టెల్లో నాచు పచ్చగా లేదు. షెడ్డుకి తాళం పడింది. వేయించింది నేనే.

చెక్క తీసుకున్న ఇళ్ళన్నిటికీ నేనే వెళ్ళి చెప్పాను. పోలిరాజు గుమ్మంలోనే నిలదీశాడు. “మా తమ్ముడిదే అని మీరే కదేటమ్మా పెట్టించినారు? ఇప్పుడు విషమంటే, మా గేది పాలు తాగిన పిల్లలేటయిపోతారు?” అతని సంచిలో సగం బావమరిది ఊరికి పోయిందట. అక్కడి నుంచి ఇంకెవరికి పోయిందో అతనికీ తెలియదు.

అప్పలసూరి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “నా పేరు సెప్పకప్పా, పిల్లలున్నారు.” ఆశాజ్యోతి ఏడ్చింది. “సారొచ్చీదాకా ఆగండాంటీ. సారు కష్టమంతా పోద్ది.” ఆగుదామనే అనుకున్నాను. అబద్ధం రాయను. ఆ సాయంత్రమంతా ఆగుదామనే అనుకున్నాను. నువ్వు నిద్ర మానుకుని చదివిన చదువు గుర్తొచ్చింది. కానీ పేరు తెలియని ఇళ్ళకి నేను కాళ్ళతో వెళ్ళలేను కదా. మైకు పెట్టి ఊరూరా చెప్పించాలి. అది సర్కారు చేసే పని.

పొద్దున్నే దీపం పెట్టి, పోలిరాజుని, మరో నలుగురిని వెంటబెట్టుకుని మండలం ఆఫీసుకి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. అప్పలసూరి పేరూ రాశాను. నీ పేరూ రాశాను. నేను తినిపించానని మొదటి వరుసలోనే రాశాను.

అక్కడి ఆఫీసరు చదివి అడిగాడు. “ఈ ఉమామహేష్ మీకేమవుతారమ్మా?”

“నేను పెంచిన తమ్ముడు.”

ఆయన కాగితం వెనక్కిచ్చాడు. “మరొక్కసారి చదువుకుని సంతకం పెట్టండి” అన్నాడు. చదవలేదు. పెట్టాను.

మర్నాడే షెడ్డుకి తాళం వేసి, ఆటోలో మైకు పెట్టి తిప్పారు. పొరుగూళ్ళ నుంచి సంచులు తిరిగొచ్చాయి. నేను ఎన్నడూ వినని ఇళ్ళ నుంచి వచ్చాయి.

నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. నీ నాచు చెడ్డదని మాత్రం నేను రాయలేదు. అది మింగాల్సింది మింగింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నది మనం.

ఇప్పుడు ఒక్కటి అడుగుతాను. చెక్కప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు తెచ్చిన సీసాలో ఇంకా నూనె ఉంది. ఇన్నాళ్ళూ దీపం దానితోనే. పూజగది పక్కనే పాప ఉయ్యాల. ఆ పొగలో ఏమైనా ఉందా? ఆశాజ్యోతిని అడిగితే సారునే అడగాలంది. నా మీద ఎంత కోపం ఉన్నా ఉండనీ, నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే. దీనికి మాత్రం జవాబు రాయి. అందాకా సీసాకి బిరడా బిగించి అటక మీద పెట్టాను. అప్పన్నకి నువ్వుల నూనె పోశాను.

ఉయ్యాల ఈ గదిలోకి మార్చాను. పాప లేచినట్టుంది. ఉంటాను.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన చేత్తోనే ఆ సంతకం పెట్టిన
నీ పెద్దప్ప
గౌరీశ్వరి