లెదర్ సోఫా, మన గొంగడి, చిన్నమ్మ పిల్లి

తాండూర్,
శుక్రవారం పొద్దున.

నాయినకు మల్లేశ్వరి దండాలు.

నువ్వు, అమ్మ, తాత అందరూ బాగున్నారా? తాత మోకాలు ఈ చలికి ఎట్లా ఉంది? నేను వచ్చేనాడు ఈనిన నల్లగొర్రె పిల్ల ఇప్పుడు తల్లి వెంట మేతకు పోతున్నదా? ఇక్కడ నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, కాలేజీకి రోజూ పోతున్నాను. నా గురించి ఏమీ ఫికర్ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాసిందని అమ్మ ముందు పరేషాన్ అవుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో మాట్లాడితే ఇక్కడ ఇంట్లో అందరికీ వినబడుతుంది, అక్కడ మంద అరుపుల్లో నీకు సగమే వినబడుతుంది. పైగా నాకు ఇప్పుడు రాయడమంటే చాలా ఇష్టంగా ఉంది. కాలేజీ లైబ్రరీలో ఒక పెద్ద నిఘంటువు ఉంది. రోజూ కొంత చదువుతున్నాను. మనం ఇంట్లో మాట్లాడుకునే మాటలు కొన్ని అందులో ఉన్నాయి నాయినా. వాటిని అచ్చులో చూస్తే, తెలియని బజారులో మన ఊరివాళ్లు ఎదురైనట్టు ఉంటుంది.

ఇక్కడ చలి మన దగ్గరకంటే తక్కువేమీ కాదు. తెల్లవారేసరికి నాపరాళ్లు కోసే మిషన్ల చప్పుడు మొదలవుతుంది. ఉతికి ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి సన్నని తెల్లదుమ్ము పడుతుంది. చిన్నమ్మ నా కోసం జొన్నరొట్టె చేస్తుంది, చిన్నాయన మాత్రం ఇప్పుడు చపాతీయే తింటున్నాడు. క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల వాళ్లది కన్నడం మాట్లాడే ఊరు. ఆమెకు నేను మన మాటలు నేర్పుతున్నాను, నాకు ఆమె వాళ్ల మాటలు నేర్పుతోంది. సాయంత్రం గొర్రెలు దొడ్డికి వచ్చే వేళకు మాత్రం ఏమీ తోచదు. ఆ వేళకు ఇక్కడ ఏమీ రాదు, బడి ఆటోలు తప్ప.

ఇక అసలు సంగతి. దీని గురించి నాకు ఏమీ పాలుపోవడం లేదు, అందుకే నిన్ను అడుగుతున్నాను.

చిన్నాయన పనిచేసే చోట ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ తన లెదర్ సోఫా అమ్మితే, వానకాలం ముందు చిన్నాయన దాన్ని కొన్నాడు. గోధుమ రంగుది. హాల్లో సగం అదే ఉంటుంది. దాని మీద కూర్చోవాలంటే చిన్నాయన మొదట తువ్వాల పరుస్తాడు. వచ్చిన కొత్తలో నేను దాన్ని తోలు సోఫా అన్నాను.

"తోలు అనకు బిడ్డా, లెదర్ అను. తోలంటే చెప్పులు యాదికొస్తయి" అన్నాడు.

రెండూ ఒకటే కదా అని నిఘంటువులో కూడా చూశాను. అయినా చిన్నాయన ముందర లెదర్ అనే అంటున్నాను.

చిన్నమ్మకు ఒక పిల్లి ఉంది. తెల్లది, చెవులు మాత్రం నల్లవి. వానకాలంలో తడిసి గుమ్మంలో కూర్చుంటే పాలు పోసింది, అప్పటినుంచి ఇంట్లోనే ఉంటోంది. పేరు బుజ్జి. చిన్నాయన డ్యూటీకి పోయాక, నేను కాలేజీకి పోయాక చిన్నమ్మ దానితోనే మాట్లాడుతుంది. ఏం కూర వండాలో కూడా దాన్నే అడుగుతుంది. "అది మీలెక్క అన్నిటికీ ఊ అనది, జర ఆలోచిస్తది" అంటుంది.

ఆ పిల్లి సోఫాను గీరింది. కుడిచేతి పక్క నిండా గీతలు, వెనక వైపు ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల పైపొర లేచి లోపలి తెలుపు కనబడుతోంది. చూసిన రోజు చిన్నాయన వంగి కుడి పక్క, వెనక వైపు అంతా చూశాడు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగాడు.

"ఎవలు చేసిన్రిది?"

"నన్నెందుకు చూస్తవు? నేనా గీకింది?"

"నీ బిడ్డ చేసింది."

"మంచిగున్నది! పాలు తాగినప్పుడు మన బుజ్జి, గీకినప్పుడు నా బిడ్డనా?"

చిన్నాయన నా వైపు తిరిగి, "చదువుకునే పిల్లవు, జర ఫోన్ల సూడు మల్లీ, దీనికి మందేమన్న ఉన్నదో" అన్నాడు.

చూశాను నాయినా. చూసినకొద్దీ అయోమయం పెరిగింది. ఒకాయన కొబ్బరినూనె రాయమన్నాడు, ఇంకొకాయన నూనె తగలనివ్వవద్దన్నాడు. ఒకామె పిల్లి గోళ్లు కత్తిరించమంది, ఇంకొకామె కత్తిరిస్తే పాపమంది. బూట్ల పాలిష్ వేయమన్నవాళ్లు ఉన్నారు, నిమ్మతొక్కలు పెట్టమన్నవాళ్లు ఉన్నారు. ఎవరి మాట వినాలో తెలియక నాకు నువ్వు గుర్తొచ్చావు. వానలకు ముందు నువ్వు నీ కిర్రుచెప్పులకు ఆముదం పట్టించి ఎండలో పెడతావు కదా, పగుళ్లన్నీ మూసుకుపోయి మెత్తబడతాయి. సోఫా అయినా తోలే కదా అనుకున్నాను. చిన్నమ్మ తలకు రాసుకునే ఆముదం ఇంట్లోనే ఉంది. కుడిచేతి పక్కంతా బాగా పట్టించి రుద్దాను.

చెప్పులకు పనిచేసింది సోఫాకు పనిచేయలేదు. రాసిన మేర అంతా బర్రెతోలు లాగా నల్లబడింది. గీతలు పోకపోగా నిగనిగమని మెరిశాయి. చిన్నాయన డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, ఆ రోజే తువ్వాల మరిచి దానికి ఒరిగి కూర్చున్నాడు.

"ఇదేం వాసన? ఇంట్ల బాలింత ఉన్నదా ఏంది?" అన్నాడు.

చిన్నమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. చిన్నాయన లేచి తన చొక్కా చూసుకున్నాడు, సోఫా చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు మీ నాయిన బిడ్డవే" అన్నాడు. అంతే. తిట్టలేదు. అది మెచ్చుకున్నట్టో నొచ్చుకున్నట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత నేను, చిన్నమ్మ రైలెక్కి వికారాబాద్ పోయాము. అక్కడ సోఫాలు కుట్టే ఆయనకు ఫోన్‌లో ఫోటోలు చూపించాము. ఆయన వాటిని పెద్దవి చేసి, చిన్నవి చేసి చూశాడు.

"కొత్త కవర్ ఎయ్యాలె. ఏస్త. సోఫా నేను బాగుచేస్తనమ్మా, పిల్లిని ఎవలు బాగుచేస్తరు?"

"పిల్లికేం రోగం లేదన్నా. అది మంచిగనే ఉన్నది" అంది చిన్నమ్మ. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

సంగతి విని చిన్నాయన, "అది ఉన్నన్ని రోజులు ఎన్ని కవర్లేసినా దండుగే. ఆదివారం నాకు ఛుట్టీ. సంచిల ఏస్కొని కరణ్‌కోట అవతల గనుల కాడ ఇడ్సిపెట్టొస్త. గక్కడ ఎలుకలు మస్తుంటయి, బతుకుతది" అన్నాడు.

"నీ ఇష్టం" అంది చిన్నమ్మ.

ఆ రెండు మాటల అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు నాయినా. ఆ రోజు నుంచి ఆమె పిల్లితో మాట్లాడడం మానేసింది. పాలు పోస్తుంది, పక్కకు పోతుంది. అది కాళ్లకు రాసుకుంటూ తిరిగితే, "పో" అని కూడా అనకుండా కాలు మెల్లగా తీసుకుంటుంది. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నట్టు ఉంది. చిన్నాయన కష్టపడి కొనుక్కున్న వస్తువు పాడైంది, అది నిజం. చిన్నమ్మకు ఉన్న తోడు పోతుంది, అదీ నిజం. నేను ఎవరి వైపు ఉండాలో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు గొంగడి సంగతి. బస్సెక్కేటప్పుడు నువ్వు నా భుజం మీద వేసిన కొత్త గొంగడిని నేను రోజూ కప్పుకుంటున్నాను. కాకపోతే మొదటిరోజే చిన్నాయన, "లోపటి అర్రల పెట్టుకో బిడ్డా, హాల్ల వద్దు. దోస్తులు వస్తుంటరు" అన్నాడు. అందుకని లోపలే ఉంచుతున్నాను. మొన్న బుధవారం కాలేజీకి సెలవు. హాల్లో కిటికీ దగ్గర ఎండ బాగా పడుతుంటే గొంగడిని కుర్చీ మీద ఆరేశాను. పిల్లి వచ్చింది. సోఫా వైపు పోతున్నదల్లా ఆగి, గొంగడి వాసన చూసి, వెనక్కి సాగి, ముందరి కాళ్లు రెండూ పైకెత్తి గీరడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని గీరింది. మధ్యాహ్నమంతా అదే పని, సోఫా ముఖం చూడలేదు.

దానికి కావలసింది గరుకుగా ఉండేది! నాకు సంతోషం ఆగలేదు. చిన్నమ్మను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "దొరికిందానే నీకు?" అని పిల్లితో అంది. ఇన్ని రోజులకు మళ్లీ మాట్లాడింది.

అప్పుడే చిన్నాయన వచ్చాడు. ఆయన కూడా సంతోషపడతాడనుకున్నాను. టిఫిన్ డబ్బా కింద పెట్టి ఒక్క అంగలో వచ్చి గొంగడి గుంజుకున్నాడు.

"ఏం పనే ఇది? గొంగడి మీద కూసోవెట్టి నాకు పెండ్లి చేసిన్రు. మా నాయిన గొంగడి మీద చెయ్యేసి ఒక మాటంటే ఊరంత నమ్మేది. గసుంటి దాన్ని పిల్లికి ఏస్తరా?"

"హాల్ల వద్దన్నది నువ్వే గద" అంది చిన్నమ్మ.

"హాల్ల వద్దన్న. ఇంట్ల వద్దన్ననా?"

చిన్నాయన బండల మీద కూర్చుని, గొంగడిని ఒళ్లో పెట్టుకుని, పిల్లి లాగిన పోగులను గోటితో ఒక్కొక్కటే లోపలికి సర్దాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని, "మంద వాసన" అన్నాడు. ఆ వాసన నచ్చలేదేమో అనుకున్నాను. కానీ మళ్లీ వాసన చూశాడు. ఆ తర్వాత దాన్ని నేల మీద పరిచి డ్యూటీ బట్టలతోనే పడుకున్నాడు. పక్కన సోఫా ఖాళీగా ఉంది. కొంతసేపటికి పిల్లి వచ్చి గొంగడి అంచున, ఆయన పాదాల దగ్గర ముడుచుకుంది. చిన్నమ్మ దాన్ని తీయబోతే, కళ్లు తెరవకుండానే "ఉండనీ" అన్నాడు. మెలకువలో అన్నాడో నిద్రలో అన్నాడో మరి. ఎందుకంటే నిన్న పొద్దున లేచి, "ఆదివారం సంగతి యాదున్నదిగా" అన్నాడు.

ఇందులో ఏ మాట నమ్మాలి నాయినా?

నాకు తోచింది ఒకటే. దొడ్డిలో ఈనిన పిల్లలకు కప్పే చిరిగిన పాత గొంగడి ఉంది కదా, దానిలోంచి ఒక ముక్క పంపు. ఆ గీతలు పడిన సోఫా చేతికి చుట్టి కుడతాను. పిల్లికి గరుకు దొరుకుతుంది, సోఫాకు కాపు ఉంటుంది. కానీ అది తప్పా? గొంగడి మీద పిల్లి గోళ్లు పడవచ్చునా, పడకూడదా? తాతను అడుగు. నేను ఆలోచిస్తే, ఉమ్మనీరుతో తడిసి వణికే గొర్రెపిల్లను దానిలోనే చుడతాము, దానికి లేని తప్పు దీనికి ఎట్లా వస్తుందనిపిస్తుంది. తాత తప్పంటే మాత్రం వద్దు, ఇంకేదైనా చూస్తాను. సరేనంటే రేపు శనివారం తప్పకుండా పంపు. కందులు అమ్మడానికి వచ్చిన మన ఎల్లయ్య మామ ఈ ఉత్తరం తెస్తున్నాడు, రేపు మళ్లీ మార్కెట్‌కు వస్తాడట. ఆయన చేతికే ఇవ్వు. ఆదివారం దాటితే ఆ ముక్కతో నాకు పని ఉండదు.

అమ్మ చేసిన పచ్చిపులుసు మీదికి మనసు పోతోంది. తాతకు నా దండాలు చెప్పు. పండుగలాంటివి ఏమీ లేకపోయినా ఒకసారి వచ్చి అందరినీ చూసి పోతాను. నా చదువు బాగా సాగాలని మనసులో అనుకో, నాకు అది చాలు.

నీ బిడ్డ,
మల్లేశ్వరి

ఉత్తరం మడుస్తుంటే చిన్నాయన వచ్చి, "ఏం రాస్తున్నవే అంతగనం?" అని అడిగాడు. దాచలేక చెప్పేశాను. సోఫా చేతి మీద నల్లబడిన చోట వేలితో ఒకసారి రుద్దాడు. "రెండు ముక్కలు పంపుమను" అని చెప్పి డ్యూటీకి పోయాడు. ఒకటి పిల్లికి. రెండోది ఎవరికని చిన్నమ్మను అడిగితే నవ్వుతోంది కానీ చెప్పడం లేదు. ఆ రెండో ముక్క మాత్రం పెద్దది చూసి పంపు నాయినా, మనిషి పడుకునేంతది.